తిరిగొచ్చిన మూడు హెచ్చరికలు

అతని భార్య పోయిన ఎనిమిదో రోజున ఆఫీసులో ఆమె మెయిల్ మూయించినవాడు ఆమె సొంత తమ్ముడు. ఇందులో వాదనకు చోటు లేదు. మూడేళ్ళ నాలుగు నెలలుగా అతను ఈ మాట ఎవరితోనూ అనలేదు, ఎవరినీ అడగలేదు, పొద్దున్నే వెలుగొచ్చిందా అని ఎవరినైనా అడుగుతామా. ఎనిమిది రోజులు. దువ్వెనలో ఆమె వెంట్రుకలు ఇంకా చిక్కుకునే ఉన్నాయి, సగం చదివి బోర్లించిన పుస్తకం కిటికీ దగ్గర అలాగే ఉంది. తొమ్మిదో రోజు పొద్దున అతను బీరువా ముందు నిలబడి, తాళం కనబడక, ఏం చేస్తున్నాడో తెలిసీ తెలియక, ఫోన్ తీసి ఆమెకు మెయిల్ రాశాడు: బీరువా తాళం ఎక్కడ పెట్టావు. అంతే, నాలుగు మాటలు. పంపి మంచం మీద కూర్చున్నాడు. నిమిషం తిరక్కుండా జవాబొచ్చింది. తెరిచి చూస్తే, ఈ చిరునామాతో ఇక్కడ ఎవరూ లేరు అని ఉంది. బావమరిది పనే. ఆఫీసు కాగితాలు పట్టుకుని ఆ వారమంతా ఇంటికీ ఆఫీసుకీ తిరిగినవాడు వాడొక్కడే. ఆ పూటే అతను వాణ్ణి మనసులోంచి గెంటేసి తలుపేసుకున్నాడు. మాట్లాడతాడు, పని చేస్తాడు, వాడు పైన మేనేజరు గనక చెప్పింది వింటాడు. వాడి ఇంటి గడప మాత్రం మళ్ళీ తొక్కలేదు.

ఇప్పుడు పన్నెండుకు ఇరవై నిమిషాలు తక్కువ. పైన రెండంతస్తుల్లో రక్తం పరీక్షించే ల్యాబ్, కింద కిటికీల్లేని ఈ గది, గదిలో సర్వర్లనే ఎనిమిది ఇనుప పెట్టెలు, వాటి ముందు అతను. ఒక్కో పెట్టెలో నాలుగైదు మిషన్లుంటాయి. ఉంటాయంటే చేత్తో ముట్టుకునేవి కావు, పెట్టె తన బలంలోంచి తలా కొంచెం పంచి నిలబెట్టిన మాయ మిషన్లు. ఒక పెట్టెకు ఒంట్లో బాగోకపోతే దాని మీదున్నవి నడుస్తూ నడుస్తూనే పక్క పెట్టెలోకి మారిపోతాయి, పైన కూర్చుని పనిచేసేవాళ్ళకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఎనిమిదింటినీ కలిపి పూల్ అంటారు. ఆమె మాత్రం ఎనిమిదిమంది తోడికోడళ్ళు అనేది, కాగితం చూపిస్తే తప్ప ఒకరితో ఒకరు మాట్లాడరు అని నవ్వేది. ఐదోదాని ఫ్యాన్ వారంగా గురక పెడుతోంది. కొత్త ఫ్యాన్ తెప్పించి బల్ల మీద పెట్టుకున్నాడు. ఇవాళ దాని మీదున్న నాలుగు మిషన్లను ఆరోదానికి పంపి, దాన్ని ఆపి, ఫ్యాన్ మార్చి, అన్నం వేళకు చేతులు కడుక్కోవాలనుకున్నాడు. తీరా పదకొండున్నరకు ఫ్యాన్ గురక మానేసి పూర్తిగా పడుకుంది. వేడి అరవై ఎనిమిది డిగ్రీలు. తొంభై అయిదు దాటితే పెట్టె తనంతట తానే ఆరిపోతుంది. ఆ నాలుగింటిలో ఒకటి పైనున్న పరీక్ష యంత్రాలు చెప్పే ఫలితాలు రాసుకునే మిషన్, అది మధ్యలో ఆరిపోతే ఈ పూట చెయ్యి చాచి రక్తమిచ్చిన నూట ముప్పైమంది మళ్ళీ వచ్చి చెయ్యి చాచాలి. వాళ్ళలో నెలల పిల్లలున్నారు, సూదికి నరం దొరకని ముసలివాళ్ళున్నారు. పంపు, అని ఆజ్ఞ ఇచ్చాడు. ఐదోది ఆరోదాన్ని పలకరించింది. ఆరోది కాగితం చూసి మొహం తిప్పుకుంది. సర్టిఫికెట్ చెల్లదు. ఏడోదానికి పంపి చూశాడు, చెల్లదు. రెండోది, చెల్లదు. అన్నిటికీ పెద్దదైన ఒకటో సర్వర్‌తో చెప్పించబోతే దాని మాటకే దిక్కు లేదు. నిన్నటిదాకా ఒకే కంచంలో తిన్నవి ఇవాళ నువ్వెవరంటే నువ్వెవరంటున్నాయి.

మొదట గడియారం చూడు, అనేది ఆమె. గడియారం తప్పితే నిన్నటి కాగితం కూడా రేపటిదిలా కనిపిస్తుంది, లోపం కాగితంలో వెతుక్కుంటూ పూటంతా గడిచిపోతుంది. ఎనిమిది గడియారాలూ చూశాడు. సెకను తేడా లేదు. ఈ పని అతనికి ఆమె నేర్పిందే. ఊరి బడిలో పది దాకా చదివి, కరెంటు పని నేర్చుకుని, గోడల్లో వైర్లు లాగి బతికినవాడు, నలభై ఆరేళ్ళ వయసులో ఆమె పక్కన కూర్చుని ఈ పెట్టెల భాష నేర్చుకున్నాడు. సర్టిఫికెట్ అంటే మొదట బుర్రకెక్కలేదు. నువ్వు బడి మారినప్పుడు హెడ్‌మాస్టారు టీసీ ఇచ్చారా లేదా, అదే ఇది, అంది. అతనికి ఒళ్ళు మండింది. ఆ టీసీ సంగతి ఆమెకేం తెలుసు. పదో తరగతి అయ్యాక పట్నం కాలేజీకి నడిచి వెళ్ళాడు, చెప్పులు చేత్తో పట్టుకుని, ఊరు దాటాక వేసుకోవచ్చని. గుమాస్తా అతని వంక చూడలేదు, కాగితం వంక చూశాడు. ఈ సంతకం ఎవరిది, అన్నాడు. హెడ్‌మాస్టారిదండీ. మా దగ్గరున్న సంతకంతో కలవడం లేదే. కొత్త హెడ్‌మాస్టారండీ, పాతాయన పోయిన నెల దిగిపోయారు. అయితే కొత్తాయన సంతకం మాకు ముందు పంపాలి, లేకపోతే నువ్వెవరో మాకేం తెలుసు. నువ్వెవరో. నిలువెత్తు మనిషిని ఎదురుగా పెట్టుకుని. ఆ ఏడాది సీటు పోయింది, ఆ తర్వాత చదువే పోయింది. ఈ కథంతా ఆమెకు చెబితే, చెయ్యి కడుక్కుంటూ, ఆ గుమాస్తా చేసింది తప్పు కాదు, కొత్తాయన సంతకం పంపనివాడిది తప్పు, అంది. రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడో రోజు సాయంత్రం పెట్టెల ముందు కూర్చున్నప్పుడు ఆమె అన్నదే నిజమని తెలిసింది. తెలిసిందని ఆమెతో అన్నాడా అంటే అనలేదు. డెబ్బై ఒకటి.

తర్వాత పేరు చూడు. పెట్టె పేరొకటి, కాగితం మీద పేరొకటి అయితే ఒప్పుకోదు. ఎనిమిది పేర్లూ అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయి. తర్వాత గడువు. ఈ ఎనిమిది కాగితాలూ పోయిన నెలలో అతనే కొత్తవి రాసిచ్చాడు, ఏడాది గడువుంది, గోడ మీద కేలండర్లో ఎర్ర సిరాతో గుండ్రంగా చుట్టి మరీ పెట్టుకున్నాడు. ఇక ఏం మిగిలింది అనుకునేంతలో బల్ల మీద ఫోన్ మోగింది. బావమరిది.

"బావా, కిందేమైనా ఇబ్బందా? నా తెర మీద ఎర్రగా వచ్చింది."

"సర్టిఫికెట్లు."

"వేడి డెబ్బై నాలుగు చూపిస్తోంది."

"నాకూ కళ్ళున్నాయి."

"తనిఖీ ఆపెయ్ బావా. ఒక్క గంట. మిషన్లు జరిగాక మళ్ళీ పెట్టుకుందాం. ఆ గదిలోకి ఎవడొస్తాడు చెప్పు, దోమ కూడా నిన్నడిగే వస్తుంది."

"ఆపను."

"ఎందుకాపవు?"

"ఒక్క గంటని ఆపినవి ఈ బిల్డింగులో ఎన్నున్నాయో వరసగా చెప్పనా? మెట్ల దగ్గర పొగ గంట ఒక్క పూటకని ఆపారు. రెండేళ్ళయింది, ఇంకా నిద్ర లేవలేదు."

"పొగ గంట నేనాపలేదు బావా."

"ఎవరాపారని నేనడిగానా?"

ఫోన్‌లో వెనక ఎవరో పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తోంది, సూది అయిపోయినట్టుంది.

"చూడు బావా. ఎనభై అయిదు దాటితే నేనే కిందికొచ్చి ఆపుతాను. పైన జనం కూర్చుని ఉన్నారు. సాయంత్రానికి బయటివాళ్ళని పిలిచి పాత సర్టిఫికెట్లన్నీ పీకించి కొత్తవి వేయించేద్దాం. ఈ గోల ఇంకెన్నాళ్ళు?"

"రా. కుర్చీ వేసి ఉంచుతాను."

పాతవన్నీ పీకించేద్దాం అంటున్నాడు. పీకడం వాడికి కొత్తా. ఎక్కడెక్కడ ఆమె పేరుందో అక్కడక్కడ గోరు పెట్టి గీకుతాడు కాబోలు. తలుపు మీద పేరు పోయింది, ఫోన్ల జాబితాలో పేరు పోయింది, మెయిల్ సరేసరి. ఇక ఒక్కచోటే ఉంది, ఎవరికీ కనబడని చోట. అక్కడికే అతని వేళ్ళు వెళ్ళి ఆగాయి. ప్రతి సర్వర్ కాగితం మీదా గది ముద్ర సంతకం ఉంటుంది, ఆ ముద్ర అతని చేతిలోది. గది ముద్ర కాగితం మీద ఆమె సంతకం ఉంటుంది. ఆమె కాగితం మీద ఆమెదే సంతకం, ఆపైన ఎవరూ లేరు, అందరినీ నమ్మమని చెప్పే చివరి మనిషి ఆమే. గది ముద్రకు గడువుంది, ఐదేళ్ళ క్రితం ఆమే తిరగరాసింది. ఆమె కాగితం తెరిచాడు. గడువు ముగిసిన సమయం: ఈరోజు, పదకొండు గంటల నాలుగు నిమిషాలు. అంతే. గది తప్పు కాదు, పెట్టెల తప్పు కాదు. పైమనిషి కాలం తీరింది. కిందివాళ్ళ కాగితాలు ఎంత కొత్తవైతే ఏం, చదివి అవతల పెట్టేశాయి. ఈ గదిలో కేలండర్ వేలాడుతున్నది ఇన్నేళ్ళుగా ఎనిమిది కాగితాల కోసమే, పై కాగితం తేదీ దాని మీద ఎవరూ రాయలేదు. అతనూ రాయలేదు. ఆమె కాగితానికి గడువుంటుందని అతనికి తట్టలేదు.

పదేళ్ళ క్రితం ఇదే వేళ, కేబుళ్ళు పోయేలా ఎత్తున పరిచే నేల పలకలు ఈ గదికి ఇంకా సగమే వేశారు. బల్లలు రాలేదు. ఆమె నేల మీద బాసింపట్టు వేసుకుని కీబోర్డు ఒళ్ళో పెట్టుకుంది. అతను పలకల కింద బోర్లా పడుకుని కేబుల్ లాగుతున్నాడు, అప్పటికి ఇంకా వైర్ల మనిషే, తలా చెయ్యీ తప్ప బయటికి కనబడడం లేదు. పేరేం పెట్టమంటావు, అంది. కంపెనీ పేరు పెట్టు. కంపెనీ పేరు రేపు మారుతుంది, అంది, నిజంగానే రెండుసార్లు మారింది. ఎవరు నమ్మమన్నారు అని ఎవరైనా అడిగితే ఒక మనిషి పేరుండాలి, అని తన పేరు టైపు చేసింది, ఇంటిపేరుతో సహా, పెళ్ళికి ముందు ఇంటిపేరుతో. అదేమిటి అన్నాడు అతను నేలకింద నుంచి. చదువుకున్నది ఆ పేరుతోనేగా, అంది. పదేళ్ళు గడువు చాలా అన్నాడు. పదేళ్ళకి ఈ పెట్టెలే ఉండవు, మనముంటాం, మళ్ళీ సంతకం చేస్తాలే, అంది. ఎనిమిదింటిలో మూడు పెట్టెలు ఇప్పటికీ అవే. దుమ్ము అతని ముక్కులోకి పోయి తుమ్మాడు, పలక అంచు నెత్తికి తగిలింది, ఆమె ఎంతసేపు నవ్విందంటే కీబోర్డు ఒళ్ళోంచి జారిపడింది. డెబ్బై ఏడు.

మరి ముందే చెప్పలేదేం? ఆమె అలా వదిలేసే మనిషి కాదు. గడువు దగ్గరపడితే తొంభై రోజుల ముందొకటి, ముప్పై రోజుల ముందొకటి, వారం ముందొకటి, మెయిల్ పంపమని ఆమే ఏర్పాటు చేసిపెట్టింది, అతని కళ్ళ ముందే చేసింది. పంపిన మెయిళ్ళ చిట్టా తెరిచాడు. ఉన్నాయి. మూడూ వెళ్ళాయి. మూడూ ఆమె చిరునామాకే వెళ్ళాయి. మూడూ తిరిగొచ్చాయి. ఈ చిరునామాతో ఇక్కడ ఎవరూ లేరు. ఈ చిరునామాతో ఇక్కడ ఎవరూ లేరు. ఈ చిరునామాతో. అతనికి ఒక్కసారిగా చెవులు వేడెక్కాయి, దుఃఖంతో కాదు. దొరికాడు. ఇన్నేళ్ళకు దొరికాడు. తొంభై రోజుల ముందు ఆమె స్వయంగా తలుపు తట్టింది, నెల ముందు తట్టింది, వారం ముందు తట్టింది, తలుపు మూయించినవాడు పైన ఏసీ గదిలో కూర్చుని ఈ గోల ఇంకెన్నాళ్ళు అంటున్నాడు. గోల నీది నాయనా. నూట ముప్పైమంది రక్తం నేలపాలైతే అది నీ ఖాతాలోదే. చెప్పాల్సిన మాటలు వాటంతటవే వరస కట్టాయి. వాడు వస్తాడు, కుర్చీలో కూర్చుంటాడు, తనిఖీ ఎక్కడుంది బావా ఆపుతాను అంటాడు, అప్పుడు ఈ మూడు మెయిళ్ళూ మొహాన కొట్టి, నీ అక్కని ఎనిమిది రోజులు కూడా ఉండనివ్వలేదురా, ఇదిగో ఫలితం, అనాలి. నోటిమాటగా కాదు, కాగితంతో. ఖాతా మూయమన్న కాగితం ఎక్కడో ఉంటుంది, దాని మీద వాడి సంతకం ఉంటుంది. స్కాన్ చేసిన పాత కాగితాల అర అతనికి తెరుచుకుంటుంది, తెరవాల్సిన పని ఇన్నాళ్ళూ పడలేదు. తెరిచాడు. ఆ సంవత్సరం, ఆ నెల, ఆ తేదీ.

కాగితం పైన ఖాతా మూసివేతకు కుటుంబ సభ్యుని అంగీకారం అని ఉంది. కింద రెండు గళ్ళు. వెంటనే మూయాలి. ఒక ఏడాది ఉంచాలి. మొదటి గడిలో టిక్కు. దాని కింద సంతకం, సంతకానికి ముందు కలం పలకక గీసిన ఉత్త గీతలు, నాలుగైదు, కాగితం చిరిగేంత గట్టిగా, ఆ తర్వాత వేరే సిరాతో లావుగా, ఊరి బడిలో హెడ్‌మాస్టారు దిద్దించిన గుండ్రటి అక్షరాలతో, అతని పేరు. అతను తెర దగ్గరికి వంగాడు. దూరం జరిగాడు. అతనిదే. భోజనాల బల్ల. బల్ల మీద కాగితాల దొంతర. ఎదురుగా బావమరిది, కళ్ళు ఉబ్బి, గడ్డం పెరిగి. చదివి పెట్టు బావా. నాకేం చదవక్కర్లేదు, ఎక్కడ పెట్టాలో వేలు పెట్టి చూపించు చాలు. ఇక్కడ గళ్ళున్నాయి బావా, రెండూ వేరు వేరు, చూసి. ఏదో ఒకటి, పైదే, పైదే అన్నిటికీ. కలం ఆగిపోయింది. గీకాడు, విసిరేశాడు, బావమరిది జేబులోంచి ఇంకో కలం తీసిచ్చాడు. పదకొండు సంతకాలు. పదకొండిటిలో ఒక్కటైనా చదివాడా. మూడేళ్ళుగా ఒక కాగితం మీద గడియారం, పేరు, గడువు, సంతకం చూడందే ఇనుప పెట్టెని కూడా నమ్మనివాడు, ఆ రోజు కన్నెత్తి చూడలేదు. కాగితం అంచున సన్నటి చేతిరాత ఇంకొకటుంది, అది బావమరిదిది, ఒక నెల ఆగితే మంచిది, బావతో మళ్ళీ మాట్లాడతాను, అని. దాని మీదుగానే ముద్ర కొట్టారు. అదే రోజు మూసేశారు. ఇంటివాడు వెంటనే అన్నాక ఆఫీసువాళ్ళు ఎవరి కోసం ఆగుతారు.

అయితే మాత్రం. నెల ఆగమన్నవాడు గట్టిగా చెప్పొచ్చుగా. నా చేతిలోంచి కాగితం లాక్కోవచ్చుగా. మూడేళ్ళు ఎదురుగా తిరుగుతూ, నా మొహం చూస్తూ, ఎందుకు బావా ఇంటికి రావడం లేదని అడుగుతూ, ఒక్కసారి నోరు విప్పొచ్చుగా. అక్క మీద ప్రేమా, నా మీద జాలా. ఎవడు జాలి పడమన్నాడు. వాడి జాలి అడిగి పుచ్చుకున్నానా. ఇదంతా అతనికే వంకరగా వినిపించింది. వినిపించినా వెనక్కి తీసుకోలేదు. ఒకసారి అనుకున్నది అనుకున్నదే. ఎనభై ఒకటి. ఆ అంకె చూశాక మాత్రం ఒళ్ళు కదిలింది. ఆమె కాగితం తిరగరాయాలి, అదే పేరుతో, అదే తాళంచెవితో, కొత్త తేదీతో. అలా రాస్తే కింద ఉన్న కాగితాలు ఒక్కటి మార్చక్కర్లేదు, పాత సంతకాలన్నీ మళ్ళీ చెల్లుతాయి. తాళంచెవి అంటే ఇనుపది కాదు, మూల బీరువాలో కవరులో ఉన్న పెన్‌డ్రైవ్. దానికి పాస్‌వర్డ్ ఉంది. ఆ పాస్‌వర్డ్‌ని ఆమె రెండు ముక్కలు చేసింది. మొదటి సగం అతనికి చెప్పింది, రెండో సగం తమ్ముడికి చెప్పింది, ఒకరి సగం ఒకరికి తెలియకూడదని ఇద్దరి చేతా ఒట్టేయించుకుంది. నన్ను నమ్మవా అని ఆ రోజు గొడవపడ్డాడు. నిన్నూ నమ్మను, వాణ్ణీ నమ్మను, ఇద్దరూ కలిసి వస్తే నమ్ముతాను, అంది, అని ఏమీ జరగనట్టు ఉల్లిపాయలు తరుక్కుంది. కట్టుకున్నవాణ్ణి నమ్మని ఆడది. అతను ఫోన్ తీశాడు. ఒకటికి రెండుసార్లు పెట్టేశాడు. మూడోసారి మోగనిచ్చాడు.

"కిందికి రా."

"ఆపేస్తున్నావా బావా?"

"నీ సగం కావాలి."

"వస్తున్నా," అన్నాడు బావమరిది. గొంతు మారింది.

మెట్ల మీద ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడు. తలుపు నెట్టుకుని లోపలికొచ్చినవాడి చేతిలో నిలువు ఫ్యాన్, వెనకాల తోకలా వైరు. "రిసెప్షన్‌లోది. ఆ అమ్మాయి శాపనార్థాలు పెడుతోంది," అన్నాడు. "దాంతో నువ్వు చెమట ఆర్చుకో," అన్నాడు అతను, అని ఐదో పెట్టె మూత తీసి ఫ్యాన్‌ని తనే దాని ముందుకు లాగాడు. పక్క తెర మీద కాగితం ఇంకా తెరిచే ఉంది. మూయొచ్చు. చెయ్యి పక్కనే ఉంది. మూయలేదు. బావమరిది వంగి కుర్చీ లాక్కుంటూ అది చూశాడు. చూసి, చదివి, మళ్ళీ కీబోర్డు వంక చూశాడు, అంతే. పెన్‌డ్రైవ్ గుచ్చి అతను మొదటి సగం కొడుతుంటే బావమరిది గోడవైపు తిరిగాడు. బావమరిది రెండో సగం కొడుతుంటే అతను కేలండర్ వైపు తిరిగాడు. తప్పు, అంది తెర.

"నీ సగమే తప్పయ్యుంటుంది," అన్నాడు అతను.

"నాది నిద్రలో కూడా చెబుతాను బావా. అక్క నా చేత యాభైసార్లు చెప్పించింది."

"నా చేత నూరుసార్లు."

"అయితే ఇద్దరిదీ ఒప్పే, మిషన్‌దే తప్పు. మళ్ళీ కొడదామా, దానికి బుద్ధి చెబుదామా?"

మళ్ళీ కొట్టారు, మెల్లగా, ఒక్కొక్క అక్షరం. తెరుచుకుంది. మొదటిసారి తప్పు ఎవరిదో తేలలేదు, తేల్చమని ఎవరూ అడగలేదు. పేరు రాసే గడి వచ్చింది. అందులో ఆమె పేరు అప్పటికే ఉంది, ఇంటిపేరుతో సహా. అతను చేతులు కీబోర్డు మీద పరిచి పెట్టాడు, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు.

"ఈ పేరు తీయను. బయటివాళ్ళు కాదు, ఎవరొచ్చినా తీయను."

"నేను తీయమన్నానా?"

"పాతవన్నీ పీకిద్దామన్నావు."

"వేడి డెబ్బై నాలుగుంది, భయమేసి అన్నాను. అందులో అక్క పేరుందని నాకేం తెలుసు బావా? ఇది మా ఇంటిపేరు. నేనెందుకు తీయమంటాను?" బావమరిది ఆ గడి వంక రెప్ప వేయకుండా చూశాడు. "అక్క ఎప్పుడూ చెప్పలేదు చూడు," అన్నాడు, ఎవరితోనో.

గడువు పదేళ్ళు. ఇద్దరూ ఒకేసారి పది అన్నారు. ఆపై హెచ్చరికలు ఎవరికి పంపాలి అని అడిగింది. అక్కడ పాత చిరునామా ఉంది. దాన్ని చెరపాలి. ఈ ఒక్కటి చెరపక తప్పదు. ఒక్కొక్క అక్షరమే వెనక్కి నొక్కుతూ చెరిపాడు, ఖాళీ గడి అయింది, ఖాళీ గడిలో బావమరిది చిరునామా కొట్టాడు.

"నాదెందుకు?"

"పదేళ్ళకి నేనుంటానా? నాకొస్తే తిరిగెళ్ళిపోతుంది."

"బాగుంది. నేనూ పోతే?"

"పోయే ముందు మార్చి పో."

ఎనభై నాలుగు. ఇక ఒక్కో పెట్టె దగ్గరికీ స్వయంగా పోవాలి, ఈ పూటకు రెండు చాలు. తోపుడు బండి మీద తెరా కీబోర్డూ పెట్టుకుని ముందు ఐదోదాని దగ్గరికి, తర్వాత ఆరోదాని దగ్గరికి, వైరు గుచ్చి, ఆమె కొత్త కాగితం లోపల పెట్టి, ఇది నమ్ము అని చెప్పి, వైరు పీకి. బావమరిది బండి తోశాడు, చక్రం ఒకటి అడ్డంగా తిరిగితే కాలితో తన్నాడు. రిసెప్షన్ ఫ్యాన్ వేడిగాలిని గదంతా పంచుతోంది. ఎనభై ఎనిమిది. పంపు. ఐదోది ఆరోదాన్ని పలకరించింది. ఆరోది కాగితం చూసింది. కింది సంతకం చూసింది, దాని పైసంతకం చూసింది, చిట్టచివరి పేరు చూసింది. రా, అంది. మొదటి మిషన్ దాటింది. రెండోది. మూడోది. ఫలితాలు రాసుకునేది అన్నిటికన్నా బరువు, రాస్తూ రాస్తూ నడవాలి, తెర మీద గీత చీమలా పాకుతోంది, తొంభై, తొంభై ఒకటి, బావమరిది పెదవులు కదుపుతున్నాడు, లెక్కపెడుతున్నాడో మొక్కుకుంటున్నాడో. తొంభై రెండు. దాటింది. అతను ఐదోదాన్ని ఆపాడు. గది చప్పుడులో ఎనిమిదో వంతు తగ్గింది, అది అతని చెవికే తెలుస్తుంది. బావమరిది పైకి ఫోన్ చేసి అంతా సరిగ్గా ఉందా అని అడిగాడు. ల్యాబ్ పెద్దావిడ గొంతు ఇక్కడిదాకా వినిపించింది, ఏం, ఏమైందని సరిగ్గా ఉండకపోవడానికి, మా ఫ్యాన్ మాత్రం పంపించండి బాబూ ఉడికిపోతున్నారు ఇక్కడ, అని. బావమరిది నవ్వి ఫోన్ పెట్టేశాడు. నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. పక్క తెర వైపు తిరిగాడు.

"బావా, ఆ కాగితం..."

"ఏ కాగితం?"

"ఎన్నోసార్లు చెబుదామనుకున్నాను. నువ్వు అసలే..."

"చెప్పలేదుగా. ఇక చెప్పకు."

"నీ తప్పని కాదు బావా. ఆ రోజు నువ్వు నీలో లేవు. నేనే లాక్కోవాల్సింది."

అచ్చంగా తను అనుకున్న మాటే. వాడి నోటి నుంచి వింటే పరమ అన్యాయంగా ఉంది. కాదు, లాక్కోనక్కర్లేదు, చదవాల్సింది నేను, అని ఒక మాట గొంతు దాకా వచ్చింది. రానివ్వలేదు. అది బయటపడితే దాని వెనక ఇంకొకటి వస్తుంది, దాని వెనక మూడేళ్ళూ వస్తాయి, తను గడప తొక్కక ఇన్నాళ్ళూ చూడని, వాడింట్లో పండుటాకులాంటి అత్తగారు వస్తుంది, బీరువా తాళం ఎక్కడ పెట్టావు అన్న నాలుగు మాటలు వస్తాయి, అప్పుడు ఈ గదిలో నిలబడే చోటుండదు. చెయ్యి చాచి తెర మీద కాగితం మూసేశాడు.

"తప్పు నీదో నాదో నేనడగలేదు. అడగను. నువ్వూ ఎత్తకు. ఇవాళ కాదు, రేపు కాదు, నేను పోయే రోజున మంచం పక్కన కూర్చుని కూడా ఎత్తకు. ఎత్తావా, నీ సగం పట్టుకుని నువ్వొక్కడివే కూర్చుంటావు ఈ పెట్టెల మధ్య."

బావమరిది రిసెప్షన్ ఫ్యాన్ వైరు చుట్టుకుని, దాన్ని భుజానికెత్తుకుని, తలుపు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. అతను తిరిగి చూడలేదు. స్క్రూడ్రైవర్ తీసుకుని ఐదో పెట్టె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. మెట్ల మీద అడుగులు పైకి వెళ్ళిపోయాయి. ఆ సంగతి అతను మళ్ళీ ఎత్తలేదు, ఎవరినీ ఎత్తనివ్వలేదు.